షార్జా నుంచి వచ్చిన పైపు

పదకొండేళ్లు నేను షార్జాలో ఒక గ్యారేజీలో పనిచేశాను. ఆ గ్యారేజీకి చెడిపోయిన కార్లు రావు, బాగున్న కార్లే వస్తాయి. కంపెనీ ఇచ్చిన వేగం చాలనివాళ్లు తెచ్చి ఇస్తారు. మేము చిన్న టర్బో విప్పి పెద్దది పెడతాం, సన్న పైపు తీసి వెడల్పుది బిగిస్తాం. టర్బో అంటే పెద్ద విషయమేం కాదు, ఇంజన్‌లోకి గాలి ఊదే గిరక. ఇంజన్ వదిలిన పొగతోనే తిరుగుతుంది, తిరిగిన కొద్దీ గాలి ఊదుతుంది, గాలి ఎక్కువైతే బండి ఎక్కువ గుంజుతుంది. ఇంత చెప్పినా మా బాపుకు ఎక్కేది కాదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే ప్రశ్న. "మంచిగున్నదాన్ని విప్పుడేందిరా? ఖరాబైనంక ఇప్పొచ్చు గదా?"

ఊరికి తిరిగొచ్చాక కోరుట్లలో ఇల్లు, జగిత్యాలలో షాపు పెట్టుకున్నాను. షాపు కోరుట్ల రోడ్డు మీదే. బోర్డు మీద నా పేరు కన్నా పెద్దగా "దుబాయ్ రిటర్న్" అని రాయించాను. చేసింది షార్జాలో అయినా మా దగ్గర గల్ఫ్ అంతా దుబాయే. వచ్చిన మొదటి నెల కారు నడపమంటే పోయి ఎడమ తలుపు తీసి కూర్చునేవాణ్ణి. ముందర స్టీరింగు ఉండదు, ఉత్త డ్యాష్‌బోర్డు. మా బావమరిదికి అది పెద్ద తమాషా. "బావా, గాడ కూసుంటే బండి నడ్వది. నిన్ను ఎవలన్న తీస్కపోవాలె" అని పదిమందిలో అనేవాడు. నాకు కోపం వచ్చేది. నాకు కోపం తొందరగానే వస్తుంది, ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

షాపు తెరిచిన నాలుగో నెలలో ఆ తెల్ల సెడాన్ వచ్చింది. పొడుగు ముక్కు, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, కంపెనీ టర్బో. జగిత్యాలలో అలాంటిది ఇంకొకటి లేదు. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూశారు. నేను మాత్రం చూడనట్టే చేతిలోని పాత హ్యాచ్‌బ్యాక్ క్లచ్ పని చేసుకుంటూ ఉన్నాను. దిగి వచ్చినాయనకు ముప్పై రెండు ముప్పై మూడు ఉంటాయి. చందుర్తి దగ్గర ఊళ్లో దొరల ఇంటి మనవడు. సిరిసిల్లలో రైస్ మిల్లు చూసుకుంటాడు. ఆ ఇంటి సంగతి నాకు తెలుసు. మా అమ్మమ్మగారిది ఆ ఊరే. అమ్మమ్మ భర్త, అంటే మా తాత, పొద్దున్నే చెట్టు దిగి ఆ దొరల గడికి కల్లు కుండ తీసుకుపోయేవాడు. వెనక తలుపు దగ్గర దించి రావాలి. ఆయన ఆ ఇంటి ముందు తలుపు చూశాడో లేదో నాకు తెలియదు.

ఈయన మాత్రం మంచిగానే మాట్లాడాడు. "అన్నా, నువ్వు దుబాయ్‌ల గిదే పని చేసినవట గదా?" అన్నాడు. అన్నా అని పిలిచినందుకు సంతోషపడ్డాను, ఆ మాటకే సంతోషపడ్డానని నా మీద నాకు కోపం వచ్చింది. ఆయన్ని నేను ఏమని పిలవాలి? దొరా అనడం నా నోటితో కాదు. తమ్మీ అంటే బాగుండదు. చివరికి సార్ అన్నాను. మా షాపుకు వచ్చే ఆటో డ్రైవర్ కూడా సారే, ఏ గొడవా లేదు.

"గిది మంచిగనే ఉరుకుతది. కని తొక్కితే ఇంక గుంజాలె. వీడియోలల్ల జూస్తున్న గదా, గట్ల కావాలె. నీతోని అయితదా? లేకుంటె హైదరాబాద్ తీస్కపోతా" అన్నాడు.

"షార్జాల గిసొంటియి ఎన్ని చేసిన్నో లెక్కనే లేదు సార్" అన్నాను.

లెక్క ఉంది. ఆరేళ్లు ఉత్త హెల్పర్‌ని, పానాలు అందించడమే పని. తర్వాతి ఐదేళ్లు ఫిట్టర్‌ని. సొంతంగా మొదటి నుంచి చివరి దాకా చేసినవి చేతివేళ్లకు కొన్ని ఎక్కువ, అంతే. కానీ హైదరాబాద్ అన్న మాట వినగానే నా నోరు నా చేతిలో లేదు.

షార్జాలో నాతో పనిచేసిన దోస్తు ఇంకా అక్కడే ఉన్నాడు. వాడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. కారు మోడల్, తయారైన సంవత్సరం, ఇంజన్ నెంబరు, ఏ సైజు టర్బో, ఎంత వెడల్పు పైపు అన్నీ చెప్పాను. రెండు వారాల్లో కొన్నాను అన్నాడు. ఇక తేవడం. మా దగ్గర గల్ఫ్ సామాను రావడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరు సెలవు మీద వస్తున్నా వాళ్ల సంచుల్లో సగం పక్కవాళ్లదే ఉంటుంది. ఇస్తే కాదనకూడదు, రేపు తనకూ ఇంకొకరి సంచి కావాలి. తీసుకునేవాడు వచ్చినవాళ్ల ఇంటికి తానే పోవాలి, ఇంటికి తెచ్చి ఇవ్వమనకూడదు. పోయి చాయ తాగాలి, ముందు అక్కడున్న మన మనిషి బాగోగులు అడగాలి, ఆ తర్వాతే సామాను సంగతి ఎత్తాలి.

నా సామాను ముగ్గురి చేతుల మీద వచ్చింది. టర్బో ఇబ్రహీంపట్నం మేస్త్రీ సంచిలో, పైపు ఒక డ్రైవరు అట్టపెట్టెలో కంబళ్ల మధ్య, బోల్టులు, గ్యాస్కెట్లు ఇంకొకాయన సంచిలో పిల్లల బూట్ల లోపల. మేస్త్రీ ఇంటికి పోతే ఆయన భార్య చాయ ఇచ్చింది గానీ మొహం మాత్రం ఇటు తిప్పలేదు. చివరికి అనేసింది. "నీ ఇనుప తునక బరువుకు పిల్లల చాక్లెట్లు, పాలపొడి అన్ని ఆడనే ఇడ్సిపెట్టి అచ్చిండు. మూడేండ్లకు అచ్చిన మనిషి." మేస్త్రీ పాపం "ఊకోయే" అంటున్నాడు. ఆ సాయంత్రమే జగిత్యాలలో పెద్ద డబ్బా చాక్లెట్లు కొని మళ్లీ పోయి పిల్లల చేతిలో పెట్టి వచ్చాను. ఆమె నవ్వలేదు, కానీ రెండో చాయలో చక్కెర సరిగ్గా వేసింది.

పని మొదలుపెట్టిన రోజు షాపు షట్టరు సగం దించాను. కంపెనీ టర్బో, కంపెనీ పైపు విప్పి, బోల్టులతో సహా గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టాను. కొత్త టర్బో ఇంజన్‌కు కుడి పక్కన ఆనించాను. రంధ్రాలన్నీ రంధ్రాలకు కూర్చున్నాయి. పైపు మాత్రం కిందికి దిగలేదు. తిప్పి చూశాను, పైకి లేపి వంచి చూశాను. ఏదో అడ్డం వస్తోంది. టార్చి వేసి చూస్తే స్టీరింగు రాడ్డు.

ఆ కారులో పొగ బయటికి పోయే దారి ఇంజన్ కుడి పక్కన ఉంటుంది. గల్ఫ్ కార్లలో స్టీరింగు ఎడమకు, కాబట్టి అక్కడ కుడి పక్కంతా ఖాళీ. పెద్ద టర్బో, వెడల్పు పైపు హాయిగా పడతాయి. మన దగ్గర స్టీరింగు కుడికి. చక్రాలకు పోయే రాడ్డు సరిగ్గా ఆ ఖాళీలోంచే దిగుతుంది. అందుకే కంపెనీ మన కార్లకు పైపు సన్నగా, వంకరగా చేస్తుంది. నేను తెప్పించింది ఎడమ స్టీరింగు కారు పైపు. పదకొండేళ్లు అవే చూసిన కళ్లు నావి, ఆ ఖాళీ ప్రపంచంలో అన్ని కార్లకూ ఉంటుందనుకున్నాను. ఎడమ తలుపు తీసి కూర్చున్నవాడు ఇదే పని చేస్తాడని నాకు నేనైనా చెప్పుకోవాల్సింది.

చేతిలోని పానా గోడకేసి కొట్టాను. దోస్తుకు ఫోన్ చేసి తిట్టాను. వాడు నిదానంగా విన్నాడు. "నువ్వు చెప్పలే గదరా కుడి స్టీరింగుకు అని. ఈడ అన్ని ఎడమయే ఉంటయి. ఇండియాల ఎటు దిక్కు ఉంటదో నాకు యాదుండాల్నా, నీకు యాదుండాల్నా?" అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. అందుకే ఇంకో నాలుగు తిట్టి పెట్టేశాను.

అప్పుడే సార్‌కు ఫోన్ చేసి ఉంటే ఈ కథ లేదు. "తప్పు సామాను తెప్పించిన, నెల ఆగుండ్రి" అంటే సరిపోయేది. ఇంకెవరి కారైనా చెప్పేవాణ్ణేమో. ఆ ఇంటి మనిషికి మాత్రం చెప్పలేకపోయాను. మా తాత నిలబడిన వెనక తలుపు దగ్గర నేనూ నిలబడి తల గోక్కుంటున్నట్టు అనిపించింది. దుబాయ్ రిటర్న్ అని బోర్డు పెట్టుకున్నవాడికి స్టీరింగు ఎటు ఉందో తెలియదని జగిత్యాలంతా చెప్పుకుంటారన్న సిగ్గు ఒకటి. "సార్, జరంత సన్న పని మిగిలింది, వారం పడుతది" అని చెప్పాను.

పైపు మీద రాడ్డు తగిలేచోట సుద్దతో గీతలు గీసుకున్నాను. బైకు వెనక కట్టుకుని సిరిసిల్ల పోయాను. అక్కడ సాంచాలకు, అంటే మరమగ్గాలకు, విరిగిన ఇనుప భాగాలు అతికించే ఒక పెద్ద వెల్డర్ ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. స్టీలు మీద ఆయన వేసిన అతుకు చేత్తో తడిమితే తెలియదు. షెడ్డు పక్కనే సాంచాలు నడుస్తున్నాయి, ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడాలి. నేను గీసిన చోట పైపును కోసి, లోపలికి నొక్కు పెట్టి, రేకు తొడిగి అతికించాడు. అంతా అయ్యాక అడిగాడు. "బిగిచ్చినంక ఎంత సందు ఉంటది?"

"ఏలు వడుతది" అన్నాను, చిటికెన వేలు చూపించి.

"నిలవడ్డప్పుడా, నడిచేటప్పుడా?"

"బిగించినంక ఇంక అదెటు పోతది?" అన్నాను.

ఆయన చేయి ఎత్తి పక్క షెడ్డులోని సాంచాల వైపు చూపించాడు. "గవి బందుపెట్టినప్పుడు సూస్తే అన్ని సందులు మంచిగనే కనవడుతయి. నడిచినంక ఒక్కటి గూడ గట్లుండది. ఏలు సాలది బిడ్డా. ఇంకింత గీసుకరా, కోసి మల్ల అతుకుత." మగవాళ్లను కూడా బిడ్డా అనే వయసు ఆయనది. సాంచాలు వేరు, కార్లు వేరు అనుకున్నాను. ఇంకా కోస్తే పైపు సన్నబడుతుంది, అంత సన్నదానికి షార్జా నుంచి తేవడం ఎందుకు? ఆయనకు దండం పెట్టి వచ్చేశాను.

బిగిస్తే పట్టింది. దోస్తు పంపిన ఫైలును ల్యాప్‌టాప్‌తో ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించాను. స్టార్ట్ చేసిన క్షణం మాత్రం నిజంగా ఆనందం వేసింది. ఆ శబ్దం షార్జా వదిలాక మళ్లీ వినలేదు. కోరుట్ల దాటి కథలాపూర్ దిక్కు తీసుకుపోయాను. రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయింది. ఒంటరిగా కూర్చుని కేక పెట్టాను కూడా. ముందర ఎడమ మలుపు. తొక్కుతూనే తిప్పాను. స్టీరింగు సగంలో ఒక్క లిప్త ఆగింది. ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు ఆగి, మళ్లీ వదిలింది.

బండి పక్కకు ఆపి బానెట్ తెరిచాను. రబ్బరు కాలిన వాసన. రాడ్డు కీలు మీది రబ్బరు తొడుగు ఒక పక్క మెత్తబడి జారింది. పైపు మీద, నొక్కు పక్కన, గోరంత మెరుపు గీత ఉంది. రాసుకున్న గుర్తు. పెద్దాయన చెప్పిందే. తొక్కినప్పుడు ఇంజన్ కుడికి ఒరుగుతుంది, వేడికి పైపు ఉబ్బుతుంది, రెండూ కలిస్తే వేలు సందు ఉండదు.

షాపుకు తెచ్చి రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. పైపుకు వేడి తగలని గుడ్డ చుట్టాను, కొత్త రబ్బరు వేశాను, ఇంజన్ కింద దిమ్మెకు గట్టి రబ్బరు పెట్టాను ఒరగకుండా. మళ్లీ నడిపాను. ఈసారి ఆగలేదు. అంటే, నేను అంత గట్టిగా తొక్కలేదు. తొక్కి చూడడానికి భయమేసింది, చూడకపోతే లేనట్టే అనుకున్నాను. ఇది మాత్రం దాచిపెట్టకుండా రాయాలి. నాకు తెలుసు.

శనివారం పొద్దున సార్ వచ్చాడు. వారం అని చెప్పింది మూడు వారాలైంది. బానెట్ తెరిచి చూసి నా భుజం మీద చేయి వేశాడు. "అన్నా, జబర్దస్త్ చేసినవ్" అన్నాడు. ఫోటోలు తీసుకున్నాడు, నన్ను కూడా పక్కన నిలబెట్టి తీశాడు. నాకు పిల్లలెందరని అడిగితే ఒక్కతే బిడ్డ అన్నాను. నేను చావి ఇచ్చాను. "సార్, కొన్నొద్దులు మెల్లగ నడుపుండ్రి. కొత్త సామాను సెట్ గావాలె" అన్నాను. అది సగం నిజం. సగం నిజం చెప్పేటప్పుడు మనిషి కళ్లలోకి చూడలేడు, నేను రోడ్డు వైపు చూస్తూ చెప్పాను.

మర్నాడు ఆదివారం సాయంత్రం ఇంట్లో చాయ తాగుతుంటే ఆయన వీడియో పంపాడు. ముందు సీట్లో ఆయన బిడ్డ కూర్చుని ఉంది, ఎనిమిదేళ్లుంటాయేమో. బెల్టు పెట్టుకుంది. ఆయన తొక్కినప్పుడల్లా టర్బో ఈల వేస్తోంది, ఆ పిల్ల పకపకా నవ్వి "ఇంకోపారి బాపూ, ఇంకోపారి" అంటోంది. వీడియో చివర్లో రోడ్డు ఎడమకు తిరిగింది. అక్కడితో ఆగిపోయింది.

రెండోసారి చూశాను. మూడోసారి చూస్తుంటే నా భార్య వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది. "ఎంత ముద్దుగున్నది పిల్ల. ఏమైంది, ముకం గట్ల వెట్టుకున్నవ్?" అంది. చెప్పాను. అంతా, షార్జా మెసేజ్ నుంచి. ఆమె మొత్తం విన్నది. అయ్యాక అంది. "నాకు చెప్పుడెందుకు? నేను నడుపుతున్ననా ఆ బండి? ఆయనకు చెప్పు."

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. "బండి నడపకుండ్రి సార్, పొద్దుగాల నేనే అస్తున్న" అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలి గుర్తు రాలేదు. ఆ పూట తిన్నది ఏమిటో నాకు గుర్తు లేదు, తెల్లవారి ఐదింటికే బైకు తీసింది మాత్రం గుర్తుంది. దారిలో ప్రతి ఎడమ మలుపు దగ్గరా పక్క పొలాల్లోకి చూశాను, తెల్లగా ఏమైనా కనబడుతుందా అని. పసుపు తోటల్లో తెల్ల బస్తా కనబడినా బైకు ఆపాను.

కారు సార్ ఇంటి వాకిట్లోనే ఉంది. దాన్ని చూడగానే స్టాండ్ వేయడం కూడా మరిచి బైకును గోడకు ఆనించాను. సార్ పళ్లు తోముకుంటూ బయటికి వచ్చాడు. "ఏందన్నా గింత పొద్దుగాల? ఫోన్ చార్జింగ్ వెట్టి మర్చిపోయిన" అన్నాడు. అరుగు మీద కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"సార్, పైపు తప్పుది. ఎడమ స్టీరింగు బండిది తెప్పిచ్చిన. కోసి అతికిచ్చి పెట్టిన. గట్టిగ తొక్కి తిప్పితే స్టీరింగును పడుతది" అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను, లేకపోతే అనలేను.

ఆయన నోట్లో పేస్టు నురుగు అలాగే ఉంది. పక్కకు పోయి ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. నా లోపల అరవడానికి సిద్ధంగా జవాబులు కూడా ఉన్నాయి, పాతవి, మా తాత నాటివి. ఆయన అరవలేదు.

"శనారం చావి ఇచ్చినప్పుడు నీకు ఎర్కేనా?"

ఎర్క లేదు, నిన్ననే తెలిసింది అనొచ్చు. ఆయన నమ్మేవాడు కూడా.

"ఎర్కే" అన్నాను.

"నిన్న రుద్రంగి దిక్కు వొయినం. ఒక కాడ స్టీరింగు పట్టినట్టయింది. నాకే అలవాటు లేదనుకున్న" అన్నాడు. బానెట్ తెరవమన్నాడు. నేను చుట్టిన గుడ్డ ఒక చోట చిరిగి ఉంది. కింద మెరుపు గీత గోరంత కాదు, వేలంత అయింది. ఆయన దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. లోపల నుంచి ఆ పిల్ల బడి డ్రెస్సులో, ఒక జడ అల్లి ఒకటి అల్లకుండా, పరుగెత్తుకొచ్చి మమ్మల్ని చూసి మళ్లీ లోపలికి పోయింది.

"మొత్తం ఇప్పి, కంపెనీది ఎట్లుండెనో గట్ల పెట్టు" అన్నాడు చివరికి.

"పెడుత సార్. పైసలేం వద్దు. నేనే తెచ్చి ఇస్త."

"తెచ్చేటప్పుడు నీ బిడ్డను ముంగట సీట్ల కూసవెట్టుకొని తీస్కరా."

అంతే అని లోపలికి పోయాడు.

ట్రక్కు మీద కారును జగిత్యాల తెచ్చాను. దారి పొడుగునా కుతకుతలాడిపోయాను. చేసింది తప్పే, ఒప్పుకున్నాను గదా? నా బిడ్డను తెమ్మనడానికి ఈయనెవరు? వాళ్ల ఇంట్లో మాట అంటే ఇంకా ఆజ్ఞే అనుకుంటున్నారా? భార్యతో అదే అన్నాను. నా వైపు న్యాయం చెబుతుందనుకున్నాను. ఆమె కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "మంచిగ చేసినంక మన పిల్లను కూసవెట్టుడుకు నీకేం భయం?" అంది. ఆమె మీద కూడా కోపం తెచ్చుకుని షాపుకు పోయాను.

మూడు రోజులు పనిచేశాను. అల్మారాలోని గుడ్డ విప్పి కంపెనీ టర్బో, కంపెనీ పైపు ఎక్కించాను. స్టీరింగు రాడ్డు కీలు పాతది తీసేసి కొత్తది హైదరాబాద్ నుంచి తెప్పించాను. పాత ఫైలు మళ్లీ ఎక్కించాను. ప్రతి బోల్టూ బిగించి, పసుపు రంగు పెయింటుతో గుర్తు పెట్టాను. పైపుకూ రాడ్డుకూ మధ్య ఇప్పుడు చెయ్యి పడుతుంది. ఒంటరిగా కథలాపూర్ దాకా రెండుసార్లు నడిపాను, ఎంత గట్టిగా తొక్కాలో అంతా తొక్కి. ఏమీ లేదు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉంది. షార్జా సామాను షాపు మూలన పడి ఉంది.

ఆదివారం పొద్దున నా బిడ్డకు తల దువ్వి, మంచి గౌను తొడిగి పంపింది నా భార్య. దానికి తొమ్మిదేళ్లు. అలాంటి కారెక్కడం మొదటిసారి. సీటు మీద చేత్తో రాసి చూసింది, అద్దం బటన్ నాలుగుసార్లు నొక్కింది. బెల్టు నేనే పెట్టాను. పెట్టాక ఒకసారి గుంజి చూశాను. ఇంకోసారి గుంజి చూశాను.

కోరుట్ల దాటేదాకా ఏమీ కాలేదు. ఊరు దాటి మొదటి ఎడమ మలుపు రాగానే యాక్సిలేటరు వదిలేశాను. యాభై కూడా లేదు వేగం. మలుపు తిరిగాక బండి ఆపి బానెట్ తెరిచాను. పసుపు గుర్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చేయి పెట్టి చూశాను, సందు అలాగే ఉంది. మూసి మళ్లీ నడిపాను. కథలాపూర్ దాటాక మళ్లీ ఆపాను. నాకే తెలుసు అక్కడ చూడడానికి ఏమీ లేదని. నేనే బిగించాను, నేనే రెండుసార్లు గట్టిగా నడిపాను. అయినా కాళ్లు బ్రేకు మీదికే పోతున్నాయి. వెనక నుంచి ట్రాక్టర్ హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోయింది. ఇంత పెద్ద కారును ట్రాక్టర్ దాటడం చూసి నా బిడ్డ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. శనివారం చావి ఆయన చేతిలో పెట్టి, కొన్నాళ్లు మెల్లగా నడపమని రోడ్డు వైపు చూస్తూ చెప్పిన మనిషిని నేనేనా అని, జీవితంలో మొదటిసారి నన్ను చూసి నాకు అసహ్యం వేసింది. రుద్రంగి దగ్గర మూడోసారి ఆపాను. బానెట్ తెరవకుండా ఉత్తగా చెయ్యి స్టీరింగు మీద పెట్టి కూర్చున్నాను.

"డాడీ, మంచిగైందన్నవ్ గదా?" అంది నా బిడ్డ.

"అయింది బిడ్డా."

"మరి మల్లమల్ల ఎందుకు ఆపుతున్నవ్?"

నలభై దాటకుండా చందుర్తి దాకా నడిపాను.

వాకిట్లో ఆపేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దిగి వచ్చాడు. బానెట్ తెరవమనలేదు, కారు చుట్టూ తిరగలేదు. ఎడమ పక్క తలుపు తానే తీసి నా బిడ్డ బెల్టు విప్పాడు. "దారిల భయమైందా బిడ్డా?" అని అడిగాడు.

"నాకు కాలే," అంది నా బిడ్డ. "డాడీకే అయింది."

ఆయన నా వైపు తిరిగి చావి కోసం చెయ్యి చాచాడు.